దెబ్బతిన్నాక కూడా పనిచేయవలసిన సిలికాన్

జెనీవా దగ్గర, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు నేల కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ల గుచ్ఛాలు 25 నానోసెకన్లకు ఒకసారి ఎదురెదురుగా వచ్చి ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. ఆ తాకిడిలో పుట్టిన కణాలు ఏ దారిన పోయాయో గుర్తించే పని అట్లాస్, సీఎంఎస్ అనే రెండు భారీ శోధకాల నడిమధ్యన, ప్రోటాన్ల పుంజానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో అమర్చిన పలచటి సిలికాన్ రేకులది. ఈ అమరికలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. సెన్సర్ ఏ కణాల జాడ పట్టాలో ఆ కణాలే దాన్ని పాడుచేస్తాయి. జాడను కచ్చితంగా పట్టాలంటే సెన్సర్‌ను తాకిడి జరిగే చోటికి ఎంత వీలైతే అంత దగ్గరగా పెట్టాలి. దగ్గరికి జరిపినకొద్దీ దాని ఆయుష్షు తరిగిపోతుంది.

‘రేడియేషన్‌ను తట్టుకునే సెన్సర్’ అనే మాట వినగానే, ఎన్ని కణాలు తగిలినా చెక్కుచెదరని పదార్థాన్నేదో శాస్త్రవేత్తలు కనిపెట్టారని అనిపిస్తుంది. అటువంటి సిలికాన్ లేదు. గత ముప్పై ఏళ్ల కృషి అంతా, దెబ్బ తప్పదని ఒప్పుకున్న తరువాత, ఆ దెబ్బ వల్ల సంకేతం ఎక్కడ, ఎందుకు పోతుందో ఒక్కొక్కటిగా తెలుసుకుని, పోయే చోటు నుంచి దాన్ని తప్పించే ఏర్పాట్లు చేయడమే. ఆ ఏర్పాట్లలో కొన్ని రసాయనికమైనవి, కొన్ని కేవలం రేఖాగణితం, కొన్ని శీతలీకరణకు సంబంధించినవి. వీటిలో ఏది ఎప్పుడు పైచేయి అయిందో గమనిస్తే ఈ రంగం నడిచిన తీరు బోధపడుతుంది.

దెబ్బను కొలిచే పద్ధతిని ముందు చూద్దాం. శోధకంలోకి ప్రోటాన్లు, పయాన్లు, న్యూట్రాన్లు, ఫోటాన్లు రకరకాల శక్తులతో వస్తాయి, ఒక్కొక్కటీ సిలికాన్‌ను ఒక్కో మోతాదులో గాయపరుస్తుంది. వాటన్నిటినీ ఒకే తూకంలోకి తేవడానికి, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల న్యూట్రాన్లు ఎన్ని తగిలితే అంత నష్టం జరిగేదో లెక్కగడతారు. దీన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని ‘సమాన న్యూట్రాన్లు’ అని చెబుతారు. కొలైడర్‌ను మొదట కట్టినప్పుడు లోపలి పొరల సెన్సర్లు 10¹⁵ వరకు, అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాల సంఖ్య వరకు తట్టుకుంటే చాలనుకున్నారు. 2014లో అట్లాస్‌లో అదనంగా చొప్పించిన అంతర్భాగపు పొరకు ఆ హద్దును 5×10¹⁵కి పెంచారు. కొలైడర్‌ను మరింత తీవ్రతతో నడిపే తరువాతి దశ 2030లో మొదలు కావాలన్నది ప్రస్తుత ప్రణాళిక. ఆ దశ పూర్తయ్యేసరికి అన్నిటికంటే లోపలి పొర 2×10¹⁶ వరకు చూడవలసి వస్తుంది.

సెన్సర్ పనిచేసే తీరు

సిలికాన్ సెన్సర్ మౌలికంగా ఒక డయోడ్. ఒకవైపు సన్నని గీతలుగానో చిన్న చిన్న గళ్లుగానో విభజించిన ఎలక్ట్రోడ్లు, మరోవైపు ఏకంగా పరిచిన ఎలక్ట్రోడు, మధ్యలో అతి స్వచ్ఛమైన సిలికాన్ ఉంటాయి. దీనికి తిరో బయాస్‌లో, అంటే కరెంటు పారని దిశలో, వోల్టేజీ ఇచ్చినప్పుడు లోపలి స్వేచ్ఛా ఆవేశాలు తొలగిపోయి లేమి పొర ఏర్పడుతుంది. ఆ పొరలోంచి ఒక కణం దూసుకుపోతే, ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ఒకటి చొప్పున ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ విడిపోయిన చోట మిగిలే ధనావేశపు లోటు) జంటలు పుడతాయి. 300 మైక్రాన్ల మందంలో సుమారు 22 వేల జంటలు వస్తాయి. విద్యుత్ క్షేత్రం వాటిని చెరోవైపు లాగుతుంది. అవి కదిలినంతసేపూ ఎలక్ట్రోడులో కరెంటు ప్రేరేపితమవుతుంది. మనకు అందే సంకేతం అంతే.

ఇక్కడ స్వచ్ఛత అనే మాటకు ఎంత బరువుందో ఒక లెక్క చెబుతుంది. ఘన సెంటీమీటరు సిలికాన్‌లో 5×10²² పరమాణువులుంటాయి. సెన్సర్లకు వాడే సిలికాన్‌లో కావాలని కలిపే ఫాస్ఫరస్ గానీ బోరాన్ గానీ 10¹² ప్రాంతంలో ఉంటుంది, అంటే ఐదు వేల కోట్ల సిలికాన్ పరమాణువులకు ఒక్క పరాయి పరమాణువు. ఆ ఒక్కటే ఆ రేకు ఎన్-రకమా (ఎలక్ట్రాన్లు ఎక్కువ), పి-రకమా (రంధ్రాలు ఎక్కువ) అన్నది, పూర్తిగా లేమి పొరగా మారడానికి ఎన్ని వోల్టులు కావాలన్నది నిర్ణయిస్తుంది. ఇంత పలచటి సమతూకాన్ని తలకిందులు చేయడానికి పెద్ద విధ్వంసం అక్కర్లేదు.

స్ఫటికంలో జరిగేది

కణం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ఎలక్ట్రాన్లను విడగొట్టడానికే ఖర్చుచేస్తుంది. సిలికాన్ లోపలి భాగానికి దానివల్ల శాశ్వతమైన హాని లేదు, సంకేతం పుట్టేది కూడా దానినుంచే. హాని చేసేది, అరుదుగా నేరుగా ఒక కేంద్రకానికి తగిలే దెబ్బ. సుమారు 25 ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి అందితే సిలికాన్ పరమాణువు తన స్థానం నుంచి ఊడిపోతుంది. అక్కడ ఒక ఖాళీ మిగులుతుంది. ఊడిన పరమాణువు జాలకం సందుల్లో ఎక్కడో ఇరుక్కుంటుంది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ ఒక్క తాకిడిలో లక్షా 30 వేల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు అందించగలదు కాబట్టి, ఊడిన మొదటి పరమాణువే చుట్టుపక్కల వాటిని వందల సంఖ్యలో ఊడగొట్టి, చివరికి ఒకే చోట దట్టమైన లోపాల గుంపును తయారుచేస్తుంది. కోబాల్ట్-60 గామా కిరణాలు అంత బలంగా కొట్టలేవు; అవి విడివిడి లోపాలనే మిగులుస్తాయి. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది.

ఖాళీల్లోనూ ఊడిన పరమాణువుల్లోనూ అధిక భాగం వెంటనే తిరిగి కలిసిపోతాయి. మిగిలినవి మామూలు ఉష్ణోగ్రతలోనే స్ఫటికంలో సంచరిస్తూ, దారిలో తగిలిన ఫాస్ఫరస్‌తోనో ఆక్సిజన్‌తోనో కార్బన్‌తోనో జతకట్టి స్థిరపడతాయి. సెన్సర్ భవిష్యత్తును నిర్ణయించేది ఈ జతకట్టడమే. ఏ ఖాళీ ఏ మాలిన్యాన్ని పట్టుకుంది, ఆ జంట సిలికాన్ శక్తి అంతరంలో, అంటే శుద్ధ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల మేరలో, ఏ స్థాయిని సృష్టించింది అన్నదాన్ని బట్టి మూడు వేర్వేరు నష్టాలు వస్తాయి.

మొదటిది లీకేజీ కరెంటు. శక్తి అంతరం నడుమ ఏర్పడిన స్థాయిలు మెట్ల మాదిరిగా పనిచేసి, ఏ కణమూ రాకపోయినా ఎలక్ట్రాన్, రంధ్రం జంటలు వాటంతట అవే పుట్టేలా చేస్తాయి. హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి 1999లో మైకేల్ మోల్ సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఈ నష్టం గురించి స్పష్టపడిన విషయం ఒకటుంది. కరెంటు పెరుగుదల కేవలం సెన్సర్ ఘనపరిమాణానికీ, తగిలిన సమాన న్యూట్రాన్ల సంఖ్యకూ అనులోమంగా ఉంటుంది. రేకును ఏ పద్ధతిలో పెంచారు, అందులో ఏం కలిపారు అన్నదానితో దానికి నిమిత్తం లేదు. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 నిమిషాలు ఉంచి, 20 డిగ్రీల దగ్గర కొలిస్తే ఆ అనుపాత స్థిరాంకం సెంటీమీటరుకు 4×10⁻¹⁷ ఆంపియర్లు. ఒక చదరపు సెంటీమీటరు విస్తీర్ణం, 150 మైక్రాన్ల మందం గల సెన్సర్ 10¹⁶ చూసిందనుకుంటే, 20 డిగ్రీల దగ్గర దాని లీకేజీ 6 మిల్లీఆంపియర్లు అవుతుంది. దానికి 600 వోల్టులు ఇస్తే 3.6 వాట్ల వేడి పుడుతుంది. గోటి వెడల్పు రేకుకు అది భరించలేని భారం. సిలికాన్ వేడెక్కితే లీకేజీ పెరుగుతుంది, లీకేజీ పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. ఒక హద్దు దాటితే ఈ వలయం ఇక ఆగదు.

రెండోది లేమి పొరకు కావలసిన వోల్టేజీలో మార్పు. ఎన్-రకం సిలికాన్‌లో ఎలక్ట్రాన్లను ఇచ్చే ఫాస్ఫరస్ దాతలు ఒక్కొక్కటిగా ఖాళీలకు చిక్కి పనికిరాకుండా పోతాయి. అదే సమయంలో కొత్త లోపాలు ఎలక్ట్రాన్లను పట్టుకునే గ్రహీతల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. 10¹³ దాటిన కొద్దిసేపటికే దాతలు, గ్రహీతలు సరిసమానమై, ఆ పైన ఎన్-రకంగా మొదలైన రేకు పి-రకంలా నడుచుకుంటుంది. దీన్నే రక విపర్యయం అంటారు. పుంజానికి కేవలం 8 మిల్లీమీటర్ల దూరంలో పనిచేసిన ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగపు సెన్సర్లలో, కొలైడర్ నడిచిన తొలి సంవత్సరాల్లోనే ఈ మార్పు కళ్లెదుట కనబడింది. తిరగబడిన తరువాత కావలసిన వోల్టేజీ ఆగకుండా పెరుగుతుంది. అది మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, 10¹⁶ దగ్గర సరళంగా లెక్కవేస్తే 300 మైక్రాన్ల రేకుకు పది వేల వోల్టులకు పైనే కావాలి. అంత ఇచ్చే అవకాశమే లేదు. నిజమైన సెన్సర్లు ఈ లెక్కకంటే మెరుగ్గానే ప్రవర్తిస్తాయి, కానీ ఇబ్బంది ఏ దిశలో ఉందో లెక్క సరిగానే చూపిస్తుంది.

మూడోదే అన్నిటికంటే మొండిది: పుట్టిన ఆవేశం ఎలక్ట్రోడు చేరకముందే లోపాలకు చిక్కిపోవడం. 10¹⁶ దగ్గర ఒక ఎలక్ట్రాన్ చిక్కకుండా తిరగగలిగే కాలం సుమారు 0.2 నానోసెకన్లు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ ఎంత బలమైన క్షేత్రంలోనైనా నానోసెకనుకు 100 మైక్రాన్లకు మించి పరుగెత్తలేదు. అంటే సగటున 20 మైక్రాన్లు పోయేసరికి దాని పని అయిపోతుంది. రేకు మందం 300 మైక్రాన్లయితే, అవతలి చివర పుట్టిన ఆవేశం ఇవతలికి దాదాపు రానట్టే. లీకేజీని చలితో అదుపు చేయవచ్చు, వోల్టేజీని కొంతవరకు పెంచవచ్చు. చిక్కే గుణాన్ని మాత్రం ఏ మందూ చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

ఆక్సిజన్ తెచ్చిన ఆశ

1990ల రెండో సగంలో, ఈ కొలైడర్‌ను నడిపే సంస్థ సెర్న్‌లో ఆర్‌డీ48 అనే సహకార బృందం, స్ఫటికంలో కావాలని మాలిన్యం కలిపితే ఏమవుతుందన్న ప్రశ్నను చేపట్టింది. ఫాస్ఫరస్‌ను పట్టుకునేది ఖాళీ అయినప్పుడు, ఖాళీలకు అంతకంటే ముందే మరో తోడు దొరికేలా చేస్తే ఫాస్ఫరస్ బతుకుతుందన్నది ఆలోచన. ఆ తోడు ఆక్సిజన్. ఖాళీతో కలిసిన ఆక్సిజన్ జంట సెన్సర్‌కు పెద్దగా హాని చేయదు. రేకును ఆక్సిజన్ వాతావరణంలో అధిక ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు ఉంచి, ఆక్సిజన్‌ను లోపలికి ఇంకించారు. ప్రోటాన్లు, పయాన్ల వంటి ఆవేశిత కణాలు తగిలినప్పుడు వోల్టేజీ పెరుగుదల గణనీయంగా తగ్గింది. గామా కిరణాల విషయంలో ఫలితం ఇంకా బాగుంది.

న్యూట్రాన్లకు వచ్చేసరికి ఆశించిన లాభం కనబడలేదు. కారణం పైన చెప్పిన తేడాయే. న్యూట్రాన్ సృష్టించేవి దట్టమైన లోపాల గుంపులు. ఆ గుంపు లోపల ఖాళీ పక్కనే మరో ఖాళీ ఉంటుంది, ఆక్సిజన్ కోసం వెతుక్కునే అవసరమే రాదు. ఈ ఫలితం మరో సంగతి కూడా బయటపెట్టింది. నష్టాలన్నిటినీ ఒకే న్యూట్రాన్ తూకంలో కొలవవచ్చన్న నమ్మకం లీకేజీ విషయంలో నిజమే గానీ, వోల్టేజీ విషయంలో నిజం కాదు. 2002లో మొదలై 2023 వరకు సాగిన తరువాతి బృందం ఆర్‌డీ50 ఈ చిక్కును ఇంకా విచిత్రమైన రూపంలో చూసింది. అయస్కాంత క్షేత్రంలో పెంచిన, సహజంగానే ఆక్సిజన్ ఎక్కువగా ఉండే ఎన్-రకం స్ఫటికంలో ప్రోటాన్లు దాతలను సృష్టిస్తే న్యూట్రాన్లు గ్రహీతలను సృష్టిస్తాయి. రెండూ కలిసి తగిలితే ఒకదాని హాని మరొకదాన్ని కొంత రద్దుచేస్తుంది. కానీ శోధకంలో న్యూట్రాన్లు, ఆవేశిత కణాల పాళ్లు పుంజం నుంచి ఉన్న దూరాన్ని బట్టి మారుతూనే ఉంటాయి. అటువంటి అదృష్టం మీద ఆధారపడి వేల సెన్సర్లకు టెండరు పిలవడం ఎవరికైనా సాహసమే.

దూరం తగ్గించే దారి

పదార్థాన్ని మార్చి సాధించగలిగింది ఇంతేనని తేలిన తరువాత చూపు అమరిక వైపు మళ్లింది. నా అంచనాలో ఈ రంగంలో అసలు మలుపు ఇదే, ఇది ప్రయోగశాలలో కంటే కాగితం మీద గీతల్లో జరిగిందన్నా తప్పులేదు.

తొలి తరం స్ట్రిప్ (గీతల) సెన్సర్లలో, అటు అట్లాస్‌లో ఇటు సీఎంఎస్‌లో, ఎన్-రకం రేకు మీద పి-రకం గీతలు ఉండేవి. అవి రంధ్రాలను సేకరించేవి. రకం తిరగబడ్డాక ఈ సెన్సర్లో లేమి పొర వెనుక వైపు నుంచి పెరగడం మొదలుపెడుతుంది. వోల్టేజీ చాలకపోతే, సంకేతం చదవవలసిన గీతల దగ్గరే క్షేత్రం చచ్చుబడి ఉంటుంది. పి-రకం రేకు మీద ఎన్-రకం గీతలు గీస్తే రెండు లాభాలున్నాయి. పి-రకం రేకుకు తిరగబడవలసిన పనిలేదు, కాబట్టి బలమైన క్షేత్రం ఎప్పుడూ గీతల వైపే ఉంటుంది. రెండోది, ఇప్పుడు సేకరించేది ఎలక్ట్రాన్లను. మామూలు క్షేత్రాల్లో అవి రంధ్రాలకంటే సుమారు మూడు రెట్లు చురుకుగా కదులుతాయి, కాబట్టి చిక్కేలోపు ఎక్కువ దూరం పోతాయి. అట్లాస్ కొత్త జాడ శోధకంలో స్ట్రిప్ సెన్సర్లన్నీ ఈ పద్ధతివే. సీఎంఎస్ కూడా పి-రకానికే మారింది.

ఆ తరువాతి అడుగు మందం తగ్గించడం. మందం తగ్గితే పుట్టే ఆవేశమూ తగ్గుతుంది: 150 మైక్రాన్లలో సుమారు 11 వేల ఎలక్ట్రాన్లే. కొత్త సెన్సర్లో ఇది నష్టమే. 10¹⁶ చూసిన సెన్సర్లో మాత్రం ఎలాగూ దూరపు ఆవేశం చేరదు కాబట్టి, ఆ అదనపు మందం లీకేజీని, వేడిని పెంచడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. సీఎంఎస్ తన చివరి టోపీల్లో, అంటే శోధకం రెండు కొసలను మూసే భాగాల్లో, కొత్తగా కడుతున్న క్యాలరీమీటరులో (కణాల శక్తిని కొలిచే శోధకంలో) ఈ తర్కం కళ్లకు కడుతుంది. సుమారు 600 చదరపు మీటర్ల సిలికాన్ వాడే ఆ శోధకంలో పుంజానికి దూరంగా ఉన్న షట్కోణ సెన్సర్లు 300 మైక్రాన్ల మందం, మధ్యలోవి 200, అన్నిటికంటే దగ్గరివి 120 మైక్రాన్లు మాత్రమే. ఈ నిర్మాణంలో భారతదేశపు సంస్థలకూ పాలుంది. మన దేశానికి ఈ పనితో పరిచయం పాతదే: సీఎంఎస్ తొలి దశలోని ప్రీషవర్ శోధకానికి భాభా అణు పరిశోధన కేంద్రం, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి సిలికాన్ స్ట్రిప్ సెన్సర్లు తయారుచేశాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆర్‌డీ50లో భాగస్వామిగా, దెబ్బతిన్న సెన్సర్ల లోపలి క్షేత్రాలను కంప్యూటర్ అనుకరణల్లో లెక్కగట్టే పని చేసింది.

అయితే మందం తగ్గించడానికీ ఒక హద్దుంది. ఆవేశం పుట్టే దూరం, ఆవేశం ప్రయాణించే దూరం రెండూ ఒకటే అయినంతకాలం ఒకటి తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. ఈ ముడిని విప్పే ఆలోచనను షేర్వుడ్ పార్కర్, క్రిస్ కెన్నీ, జూలీ సీగల్ 1997లో ప్రచురించారు. ఎలక్ట్రోడ్లను రేకు ఉపరితలం మీద పరచకుండా, రేకులోకి నిలువుగా స్తంభాల్లా దింపాలన్నది వారి సూచన. దూరపు చెరువు నుంచి కాలువ తవ్వితే నీరు దారిలోనే ఇంకిపోతుందని తెలిసిన రైతు పొలంలోనే దగ్గర దగ్గరగా బావులు తవ్వుకున్నట్టు. కణం రేకు మందం పొడవునా పోతూ 11 వేల ఎలక్ట్రాన్లను పుట్టిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు మాత్రం పక్కకు, ముప్పై నలభై మైక్రాన్ల దూరంలోని స్తంభానికి నడిస్తే చాలు. 50 మైక్రాన్ల చదరపు గడిలో నడుమ ఒక ఎన్-స్తంభం, నాలుగు మూలల్లో పి-స్తంభాలు పెడితే ఆ దూరం 35 మైక్రాన్లు. దూరం తగ్గింది కాబట్టి కావలసిన వోల్టేజీ కూడా వందల్లో కింది మెట్టు దగ్గరే ఆగిపోతుంది, దానితోపాటే వేడీ తగ్గుతుంది.

ఇంత మంచి ఆలోచన వెంటనే అన్నిచోట్లా ఎందుకు రాలేదంటే, తయారీ కష్టం. కొన్ని మైక్రాన్ల వ్యాసంతో వందకు పైగా మైక్రాన్ల లోతు కన్నాలను, ఒక్కో సెన్సర్లో లక్షల సంఖ్యలో, గోడలు నిటారుగా ఉండేలా చెక్కాలి. ఒక్క స్తంభం చెడినా సెన్సర్ మొత్తం నిర్ణీత వోల్టేజీకి ముందే కుప్పకూలవచ్చు. స్తంభాల వల్ల కెపాసిటెన్స్ పెరిగి చదివే చిప్‌లో రణగొణ ఎక్కువవుతుంది. ఇటలీలోని ట్రెంటో, స్పెయిన్‌లోని బార్సిలోనా, నార్వేలోని ఓస్లో వంటి కొద్ది చోట్లే ఈ పని చేయగలిగారు. 2014 నాటి అట్లాస్ పొరలో నాలుగో వంతు సెన్సర్లు ఈ 3డీ రకానివి. పెద్ద కొలైడర్ ప్రయోగంలో వాటికి అదే తొలి పరీక్ష. తరువాతి దశకు రెండు ప్రయోగాలూ లోపలి పొరకు వీటినే ఎంచుకున్నాయి. మిగతా పొరల్లో మామూలు సమతల సెన్సర్లే చాలునన్నారు. అవసరమైన చోటే ఖరీదు పెట్టిన ఈ నిర్ణయం సబబైనదే.

చలి ఎందుకు తప్పనిసరి

లీకేజీకి ఏ రసాయనమూ విరుగుడు కాదని చెప్పుకున్నాం. మిగిలింది ఉష్ణోగ్రత. సుమారు ఏడు డిగ్రీలకు ఒకసారి లీకేజీ సగమవుతుంది. 20 డిగ్రీల నుంచి మైనస్ 25కి దిగితే అది సుమారు వందో వంతుకు పడిపోతుంది. పైన లెక్కవేసిన 3.6 వాట్లు అప్పుడు 0.04 వాట్లకు లోపే. అందుకే కొత్త శోధకాల్లో ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ను సన్నని గొట్టాల్లో మైనస్ 35 డిగ్రీల దగ్గర మరిగిస్తూ వేడిని తీసేస్తారు.

చలికి మరో కారణం కూడా ఉంది, అది శోధకం ఆపివేసిన రోజుల్లోనూ వర్తిస్తుంది. దెబ్బతిన్న సిలికాన్‌ను గది ఉష్ణోగ్రతలో ఉంచితే మొదటి కొద్ది రోజులు లోపాలు కొన్ని నయమై, కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. నెలలు గడిస్తే కథ అడ్డం తిరుగుతుంది: కదలకుండా ఉన్న లోపాలు మెల్లగా కొత్త గ్రహీతలుగా మారి వోల్టేజీ మళ్లీ పెరుగుతుంది. సున్నా డిగ్రీల దిగువన ఈ రెండో మార్పు దాదాపు గడ్డకడుతుంది. కాబట్టి మరమ్మతుల కోసం శోధకాన్ని వెచ్చబెట్టే రోజులను కూడా లెక్కపెట్టుకుని వాడుకుంటారు.

కాల్చి చూసే పరీక్ష

పదేళ్లలో జరిగే నష్టాన్ని ముందుగా తెలుసుకోవాలంటే దాన్ని కొద్దికాలంలోకి కుదించాలి. స్లోవేనియా రాజధాని ల్యుబ్ల్యానా దగ్గర యోజెఫ్ స్టెఫాన్ సంస్థ నడిపే ట్రిగా పరిశోధన రియాక్టర్ ఈ పనికి పేరుపొందింది. చిన్న సెన్సర్ ముక్కలను గొట్టంలో రియాక్టర్ గర్భంలోకి దించితే 10¹⁶ న్యూట్రాన్లు కొన్ని గంటల్లోనే పూర్తవుతాయి. ఆవేశిత కణాల దెబ్బకు సెర్న్‌లోనే 24 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ పుంజం ఉంది. అక్కడ అంత మోతాదుకు రోజుల తరబడి వేచి ఉండాలి. ఎంత పడిందో తెలుసుకోవడానికి సెన్సర్‌కు అంటించి ఒక అల్యూమినియం రేకు పెడతారు. ప్రోటాన్లు దానిలో పుట్టించే రేడియోధార్మిక సోడియంను కొలిస్తే మోతాదు తేలుతుంది. బయటికి తీసిన ముక్కలు తామే రేడియోధార్మికంగా మారి ఉంటాయి. వాటిని మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో దాచి, పైన చెప్పిన 60 డిగ్రీలు, 80 నిమిషాల నియమం ప్రకారం వేడిచేసిన తరువాతే కొలతకు పెడతారు. ఈ నియమం అందరూ పాటిస్తేనే ఒక ప్రయోగశాల అంకెను మరో ప్రయోగశాల అంకెతో పోల్చడం కుదురుతుంది.

కొలతల్లో నాకు అన్నిటికంటే సొగసుగా తోచేది లేజర్‌తో చేసేది. ఎర్రని లేజర్ కాంతి సిలికాన్ ఉపరితలానికి కొన్ని మైక్రాన్లలోనే ఆగిపోతుంది. దాన్ని ఒక ముఖం మీద మెరిపిస్తే ఎలక్ట్రాన్లు మాత్రమే రేకు మందమంతా ప్రయాణిస్తాయి. మరో ముఖం మీద మెరిపిస్తే రంధ్రాలు మాత్రమే. ఆసిల్లోస్కోపు మీద కరెంటు ఎత్తుపల్లాలు అవి దాటిన క్షేత్రపు ఎత్తుపల్లాలనే చూపిస్తాయి. ల్యుబ్ల్యానా బృందం 2010 ప్రాంతంలో పరారుణ లేజర్‌ను రేకు అంచు నుంచి పంపి, లోతు లోతునా క్షేత్రాన్ని గీయడం మొదలుపెట్టింది. బాగా దెబ్బతిన్న సెన్సర్లో క్షేత్రం ఒకవైపు మొదలై మరోవైపు తగ్గిపోయే సరళరేఖగా ఉండదనీ, రెండు ముఖాల దగ్గరా శిఖరాలతో, నడుమ లోయతో ఉంటుందనీ అటువంటి కొలతలే స్పష్టం చేశాయి.

ఆ కాలంలోనే అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. వేయి వోల్టులకు పైగా ఇచ్చినప్పుడు, తీవ్రంగా దెబ్బతిన్న కొన్ని స్ట్రిప్ సెన్సర్లు లెక్కకు మించిన ఆవేశాన్ని ఇచ్చాయి. లోపాలు గీతల దగ్గర క్షేత్రాన్ని ఎంత పెంచాయంటే, అక్కడికి చేరిన ఎలక్ట్రాన్లు దారిలో కొత్త జంటలను పుట్టించి తమను తాము పెంచుకున్నాయి. ఈ వృద్ధిని దెబ్బకు వదిలేయకుండా, మొదటి రోజు నుంచే సెన్సర్లో కావాలని పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన తరువాతి తరానికి దారితీసింది.

మళ్లీ రసాయనం దగ్గరికి

తీవ్రత పెంచిన కొలైడర్‌లో ఒక్కో గుచ్ఛాల కలయికలో 140 నుంచి 200 వరకు తాకిడులు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటిని విడదీయాలంటే చోటుతోపాటు సమయం కూడా, ముప్పై పికోసెకన్ల (పికోసెకను నానోసెకనులో వెయ్యో వంతు) ప్రాంతంలో తెలియాలి. దీనికోసం బార్సిలోనాలో రూపుదిద్దుకున్నదే స్వల్ప వృద్ధి సెన్సర్. మందం 50 మైక్రాన్లు. పై ముఖానికి కొద్ది కింద బోరాన్ దట్టంగా నింపిన సన్నని పొర. ఆ పొరలో క్షేత్రం సెంటీమీటరుకు మూడు లక్షల వోల్టులు దాటి, ఆవేశాన్ని పది ఇరవై రెట్లు పెంచుతుంది.

ఇక్కడ రేఖాగణితం అక్కరకు రాదు. ఈ సెన్సర్ ప్రాణం ఆ బోరాన్ పొరలోనే ఉంది, రేడియేషన్ ఎక్కుపెట్టేదీ దాన్నే. ఊడి తిరుగుతున్న సిలికాన్ పరమాణువు జాలకంలో కూర్చున్న బోరాన్‌ను తోసేసి దాని స్థానంలో కూర్చుంటుంది. స్థానం పోయిన బోరాన్ గ్రహీతగా పనిచేయదు సరికదా, ఆక్సిజన్‌తో జతకట్టి దాతగా మారుతుంది. ఒకప్పుడు ఫాస్ఫరస్‌ను కాపాడిన ఆక్సిజన్ ఇప్పుడు బోరాన్ నష్టంలో భాగస్వామి. 10¹⁵ దాటేసరికి వృద్ధి కరిగిపోవడం మొదలవుతుంది.

దీనికి దొరికిన మందు కార్బన్. వృద్ధి పొరలో బోరాన్‌తోపాటు కార్బన్‌ను కూడా చొప్పిస్తే, తిరుగుతున్న సిలికాన్ పరమాణువులు బోరాన్‌కు బదులు కార్బన్‌ను తోసేస్తాయి. స్థానం తప్పిన కార్బన్ వల్ల పెద్ద హాని లేదు. బోరాన్‌కు బదులు గాలియం వాడిచూసిన ప్రయత్నాలు ఇంత ఫలితమివ్వలేదు. ట్రెంటోలో కార్బన్ కలిపి తయారుచేసిన సెన్సర్లు బోరాన్‌ను చాలాకాలం నిలుపుకోగలవని తేలింది. అట్లాస్ సమయ శోధకానికి నిర్దేశించిన 2.5×10¹⁵ హద్దు అందుబాటులోకి వచ్చింది.

కరిగిన వృద్ధిని వోల్టేజీ పెంచి రాబట్టుకోవచ్చుగా అన్న ప్రశ్న రావచ్చు. కొంతవరకు అదే చేస్తారు. కానీ పుంజ పరీక్షల్లో, 50 మైక్రాన్ల సెన్సర్లకు మైక్రానుకు 11, 12 వోల్టులకు మించి ఇచ్చినప్పుడు, ఒకే ఒక్క కణం దూరిన క్షణాన సెన్సర్ కాలిపోయి, చిన్న గుంటతో మిగిలిన సందర్భాలు ఎదురయ్యాయి. అందువల్ల 550 వోల్టుల ప్రాంతంలో గట్టి గీత గీయవలసి వచ్చింది. కార్బన్ చేసిన మేలు ముఖ్యంగా ఇందులోనే ఉంది: గీత దాటకుండానే వృద్ధి దొరుకుతుంది.

10¹⁷ ముంగిట

ఇన్ని ఏర్పాట్ల తరువాత కూడా లోపలి సెన్సర్లు శోధకం ఆయుష్షంతా నిలుస్తాయని ఎవరూ అనడం లేదు. అట్లాస్ కొత్త శోధకంలో లోపలి పిక్సెల్ (గళ్ల) పొరలను మధ్యలో ఒకసారి విప్పి మార్చేలా నిర్మాణాన్నే తీర్చారు. సీఎంఎస్ ఇప్పటికే 2017లో పిక్సెల్ శోధకాన్ని మొత్తంగా, ఆ తరువాతి విరామంలో దాని తొలి పొరను మార్చింది. మార్చుకునే వీలును కూడా తట్టుకునే శక్తిలో భాగంగానే లెక్కించాలి. అలా లెక్కించనివారు 3డీ సెన్సర్ల ఖరీదును అవసరానికి మించి సమర్థించుకోవలసి వస్తుంది.

ఆ తరువాత రాబోయే ప్రోటాన్ కొలైడర్‌గా సెర్న్ ఆలోచిస్తున్న, చుట్టుకొలత సుమారు 91 కిలోమీటర్లు ఉండే యంత్రంలో లోపలి పొరల లెక్క 10¹⁷ను దాటి 10¹⁸ వైపు పోతుంది. అక్కడ మార్చుకుంటూ పోవడం కుదిరే పని కాదు. 2024లో మొదలైన కొత్త సహకార బృందం డీఆర్‌డీ3 వజ్రం, సిలికాన్ కార్బైడ్ వంటి విశాల శక్తి అంతరపు పదార్థాలను కూడా తన పరిధిలో చేర్చుకుంది. వాటిలో లీకేజీ సమస్య చాలా తక్కువ, అయితే అవి సిలికాన్ అంత ఆవేశాన్ని పుట్టించవు, అంత పెద్ద రేకులుగా దొరకవు. మరోవైపు, ల్యుబ్ల్యానాలో 1.6×10¹⁷ వరకు న్యూట్రాన్ల దెబ్బ తిన్న సిలికాన్ సెన్సర్ల కొలతలను 2013లో ప్రచురించినప్పుడు, ఆవేశం చిక్కే రేటు తక్కువ మోతాదుల నుంచి గీత పొడిగించి వేసిన లెక్కకంటే తక్కువగా కనబడింది. సంకేతం చిన్నదే, కానీ ఉంది. ఆ మోతాదులో లోపాలు ఎందుకు లెక్క తప్పి ఆవేశాన్ని వదిలిపెడుతున్నాయో వివరించే నమూనా సిద్ధమైతే తప్ప, 10¹⁷ కోసం సిలికాన్‌ను వదులుకోవాలా వద్దా అన్నది తేల్చలేరు.